వస్తామన్నవాళ్ళు రాని శుక్రవారం

మస్కట్ ప్రయాణానికి నన్ను లేవదీసింది మా చెల్లెలు శారద. "అక్కా, ఇక్కడ తెలుగువాళ్ళం నెలకోసారి కలుస్తున్నాం. నువ్వొచ్చి చూడాలి" అని రాసింది. కలిసి చేసేదేముంది, పులిహోర తిని ఒకరి చీరలొకరు చూసుకోవడమేగా అని తిరుగు టపాలో రాశాను. "అదే మార్చాలని చూస్తున్నా, రా" అంది.

జనవరిలో బయలుదేరాను. విజయవాడ నుంచి సికింద్రాబాదు, అక్కడ బండి మారి బొంబాయి. ఎదుటి బెర్తు మీద షోలాపూరు వెళ్ళే తెలుగావిడ "ఎడారిలో చూడ్డానికేముందండీ?" అని జాలిపడింది. "మనుషులున్నారటండీ" అన్నాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

బొంబాయిలో మధ్యాహ్నం విమానం ఎక్కితే, చీకటి పడకముందే మస్కట్ దగ్గర సీబ్ విమానాశ్రయంలో దిగాను. వెళ్ళేవాళ్ళకొక మాట: ఊరగాయ పెట్టెలో పెట్టకండి. నా గోంగూర కారి రెండు పట్టుచీరలు పాడయ్యాయి. కస్టమ్స్ అతను వాసన చూసి, నవ్వి, పెట్టె మూసేశాడు.

శారదా, మా మరిది సత్యం ఉండేది మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో. చుట్టూ పచ్చగడ్డి పోచ లేని కొండలు. పొద్దున బూడిదరంగులో ఉండి, సాయంత్రానికి బెల్లపచ్చులా మెరుస్తాయి. మొదటి మూడు రోజులూ ముత్రా బజారు, రేవు, కోటలు తిరిగాను. టాక్సీలో మరో నలుగురితో ఇరుక్కుని కూర్చోవాలి. ఆడమనిషి కనబడితే మాత్రం ముందు సీటు ఖాళీ చేసేస్తారు. ఆ మర్యాద మన ఊళ్ళో ఎన్నడూ చూడలేదు.

నాలుగో రోజు శుక్రవారం, అక్కడి సెలవు. సమావేశం ఆవేళే, శారదావాళ్ళింట్లో. అప్పటిదాకా అది ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగుల కుటుంబాలకే పరిమితం. అల్ ఖౌద్ దగ్గర కంపెనీ క్యాంపులో ఉండే కరీంనగర్ వైపు కూలీలని కూడా పిలుద్దామని శారద పట్టుబట్టింది. పెద్దలు మొహాలు ముడుచుకుని, ఒక్కసారికి సరేనన్నారు. వాళ్ళు రాకపోతే మళ్ళీ ఈ ఊసెత్తనని శారద దగ్గర మాట పుచ్చుకున్నారు. అందరిలోకీ పెద్దాయన, రోడ్ల ఇంజనీరు రాఘవరావుగారు, స్వయంగా క్యాంపుకి వెళ్ళి పిలిచొచ్చారు.

"అందరూ వస్తామన్నారమ్మా. ఒక్కడు కాదంటే ఒట్టు" అన్నారు.

పది గంటలకి రావలసినవాళ్ళు. పప్పు, సాంబారు, పులిహోర, బొబ్బట్లు సిద్ధం. ఇరుగుపొరుగు బాధ్యత గురించి రాఘవరావుగారి ఉపన్యాసం సిద్ధం. పదకొండున్నర దాటినా ఒక్కరూ రాలేదు. శారద కిటికీ దగ్గరనుంచి కదలడం లేదు.

"ఆదరించినా విలువ తెలియదండీ వీళ్ళకి" అందొక బ్యాంకు ఆఫీసరు భార్య.

ఊరుకోవడం నా వల్ల కాలేదు. "రాఘవరావుగారూ, ఏ వేళకి వీలవుతుందని వాళ్ళనడిగారా?"

"వస్తామన్నారు కదండీ!"

"మీరు ఇస్త్రీ బట్టలతో కారు దిగి పిలిస్తే ఇంకేమంటారు? కొత్తకోడలు మామగారితో అన్నట్టు, సరేనండీ అనే అంటారు."

లోపల వంటింట్లోంచి రాఘవరావుగారి భార్య పకపకా నవ్వింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "వదినగారూ, మీరు కాస్త..." అని సత్యం గొణిగాడు. "గిన్నెలు బండిలోకెక్కించు నాయనా, మనమే పోదాం" అన్నాను. సగం మంది ఇళ్ళకి జారుకున్నారు. మిగిలినవాళ్ళం ఒక పికప్పులో, రెండు కార్లలో బయలుదేరాం. రోడ్డు నున్నగా, కొత్తగా ఉంది. ముప్పావుగంటలో క్యాంపు చేరాం.

రేకుల షెడ్ల ముందు డ్రమ్ములూ డబ్బాలూ బారులు తీరి ఉన్నాయి. వాటి పక్కన లుంగీల్లో మనుషులు. మమ్మల్ని చూసి గాభరాగా లేచి చొక్కాలు వెతుక్కున్నారు. వాళ్ళలో పెద్దవాడు లింగయ్య, జగిత్యాల దగ్గరివాడు, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"నీళ్ల బండి శుక్రారమే అస్తది సార్. పొద్దుగాల రావాలె, ఇయ్యాల ఇంకా రాలే. ఇడిసిపెట్టి వస్తే వారమంతా తానాలు బంద్."

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా?" అన్నారు రాఘవరావుగారు.

"గంత దూరం వచ్చి పిలిస్తిరి. రామని ఎట్లంటం సార్?"

రాఘవరావుగారు నావైపు చూడలేదు.

అంతలో ట్యాంకరు వచ్చింది. దాని డ్రైవరు ఎవరికోసమూ ఆగే రకం కాదు. అందరూ ఉరుకులు. "సార్, పైపు గట్టిగ పట్టుండ్రి, జారుతది!" అని ఎవరో అరిచారు. చూస్తే పైపు రాఘవరావుగారి చేతిలో ఉంది, ఆయన మోకాళ్ళ దాకా తడిసిపోయారు. సత్యం డబ్బాలు మోశాడు. శారదా నేనూ నిండిన డ్రమ్ములకి మూతలు పెట్టాం.

ఆ తర్వాత షెడ్డు నీడలో చాపలు పరిచి అందరం కలిసి కూర్చున్నాం.

"సాంబారు తియ్యగున్నదేందిరా, బెల్లమేసిండ్రా?" అన్నాడు చివరి వరసలో ఒకడు.

"నేనే చేశాను" అన్నాను.

"అయితే మంచిగున్నదమ్మా!"

"అబద్ధమాడకు. ఎలా ఉందో చెప్పు."

వాడు లింగయ్య వైపు చూసి, నవ్వాపుకుని, "తియ్యగనే ఉన్నదమ్మా. పాయసమనుకొని తింటున్న" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. నాకు కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది.

లేవబోయేముందు రాఘవరావుగారు గొంతు సవరించుకున్నారు. ఉపన్యాసమేమోనని భయపడ్డాను. "లింగయ్యా, వచ్చే నెల మొదటి శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రాగలరా?" అని మాత్రమే అడిగారు.

లింగయ్య వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళ మొహాలు చూశాడు. శారద నా చెయ్యి పట్టుకుంది.

"రాము సార్" అన్నాడు. "ఆ వారం సైటుల ఓవర్‌టైం ఉంటది. ఆ పై వారం అయితే పనైతది. గని మీ ఇంటికి గాదు, మీరే ఇక్కడికి రాండ్రి. వంట మాది. కారం సూసుకోండ్రి మరి!"

"వస్తాం" అన్నారు రాఘవరావుగారు.

నేను మరో నాలుగు రోజులుండి తిరుగుప్రయాణమయ్యాను. విమానాశ్రయంలో శారద సంచీ అందిస్తూ, "అక్కా, ఆయన నిజంగా వస్తారంటావా? ఆయన కూడా మొహమాటానికే వస్తామన్నారేమో" అంది.

"మళ్ళీ అడుగు. ఈసారి వాళ్ళావిడ ముందర అడుగు" అన్నాను.

విమానం లేచాక కిటికీలోంచి సముద్రం, కొండలు, మధ్య సన్నటి తారురోడ్డు కనిపించాయి. ఆ దేశంలో కోటలు చూశాను, రేవు చూశాను, బాగున్నాయి. కానీ పక్క సీటాయన "ఏం నచ్చిందండీ మీకక్కడ?" అని అడిగితే, ఒక మనిషి "రాము" అనడం నచ్చిందని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. బొంబాయి వచ్చేదాకా విడమరిచి చెప్పాను.