తల వంచమనే ఫోటోగ్రాఫరు

బావ ఫోటో తీసే ముందు ఎవరినీ నవ్వమనడు. తల వంచమంటాడు. కాలరు సరిచేస్తాడు కాబోలు అనుకుని, స్టూలు మీద కూర్చున్న మనిషి పాపం వంచుతాడు. అప్పుడు బావ జేబులోంచి, బడి పిల్లల దగ్గరుండే పొట్టి ప్లాస్టిక్ స్కేలు తీసి, కనుబొమల మధ్య నుంచి జుట్టు మొదలయ్యే చోటిదాకా కొలుస్తాడు. ఆడవాళ్ళయితే స్కేలు వాళ్ళ చేతికే ఇచ్చి, అద్దం ముందు నిలబెట్టి, పాపిడి ఎంత వెడల్పుందో వాళ్ళ చేతే చెప్పిస్తాడు. ఆ అంకె నోటుబుక్కులోకి ఎక్కాకే కెమెరా కదులుతుంది.

ఈ తంతంతా తెర వెనక కంప్యూటరు ముందు కూర్చుని వినేవాడు బావమరిది. బావ తీసిన ఫోటోల్లో మొటిమలూ మచ్చలూ చెరిపి ప్రింటు తీయడం అతని పని. అక్క మొగుడు కాబట్టి గట్టిగా ఏమీ అనలేడు, అనకుండా ఊరుకోనూ లేడు. మనది స్టూడియోనా, ఆసుపత్రా అని రోజుకోసారైనా అడుగుతాడు. బావ ఆ మాట చెవిన వేసుకోడు.

బావ దగ్గర ఇరవై ఏళ్ళ ఫోటోలు పోగుపడి ఉన్నాయి. మనిషి రెండోసారి వచ్చాడంటే పాత ఫోటో బయటికి వస్తుంది. ఓసారి బ్యాంకు మేనేజరు వచ్చాడు. బావ రెండేళ్ళ కిందటి ముఖాన్నీ ఇప్పటి ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, మూడు నెలల కిందట గట్టి జ్వరం ఏమైనా వచ్చిందా అని అడిగాడు. మేనేజరు నోరు తెరిచాడు. వచ్చింది, పది రోజులు మంచం దిగలేదు. తమరికెవరు చెప్పారన్నాడు. మీ తలే చెప్పిందన్నాడు బావ. జ్వరం ఉన్నప్పుడు జుట్టు ఊడదట, రెండు మూడు నెలలాగి, జ్వరం సంగతి మనం మర్చిపోయాక ఊడుతుందట. వేళకి తిని కంటినిండా నిద్రపోతే చాలామందికి అదే తిరిగొస్తుందట, రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలట. మేనేజరు సంచీలోంచి కొత్త నూనె సీసా తీసి, మరి దీన్నేం చేయమంటారని బేలగా అడిగాడు.

"తలుపు కీళ్ళకి వేయండి. కిర్రుమనకుండా ఉంటాయి," అన్నాడు బావ.

అలాగని అందరికీ ఆశ పెట్టే రకం కాదు. నున్నటి తలతో ఓ బస్సు డ్రైవరు వస్తే, మీ నాన్న తల ఎలా ఉండేది, మీ తాత తల ఎలా ఉండేది అని ఆరా తీశాడు. ఇద్దరివీ ఇలాగే ఉండేవన్నాడు డ్రైవరు. అయితే ఇది ఇంటి నుంచి వచ్చింది, డాక్టరుకి చూపిస్తే ఉన్నది కొంత నిలబెడతాడేమో, పోయినదాని లోటు మాత్రం మీ ముఖంలో కనబడ్డం లేదు అని తేల్చాడు బావ. డ్రైవరు ఎందుకో సంబరంగా వెళ్ళాడు.

ఇంతవరకూ బావమరిది ఓర్చుకునేవాడే. కానీ ఆరు నెలలుగా బావ గొంతు మరీ పెరిగిపోయింది. మనిషి మూరెడు దూరంలో ఉంటే, ఏటి అవతలి గట్టు మీద ఉన్నట్టు అరుస్తున్నాడు. "మధ్యాహ్నం తిండి ఎగ్గొడితే జుట్టు ఊడుతుందండీ. గుడ్డు తినాలి, శనగలు తినాలి, ఆకుకూర తినాలి." ఈ మాటలు పడ్డవాడు హోటలు యజమాని. రోజూ మధ్యాహ్నం రెండుసార్లు భోంచేసే మనిషి. మూడోసారి కూడా తినాలేమోనని బిక్కమొహం వేశాడు. బావకి చెవుడు వస్తోందని బావమరిది నిశ్చయించుకున్నాడు.

పైగా ఎదురుగా కొత్త స్టూడియో పెట్టారు. అక్కడ ప్రశ్నల్లేవు, స్కేలు లేదు. బట్టతలతో కూర్చుంటే కంప్యూటరు మీద వత్తుగా జుట్టు నాటి పంపిస్తారు. జనం అటు మళ్ళుతున్నారని బావమరిది మొత్తుకున్నా, అక్కడ జుట్టు మొలిచేది కాగితం మీదేగా అనేవాడు బావ.

బావమరిదికి ఈ జుట్టు విషయంలో అంత కోపం రావడానికి కారణం అతని టోపీ కింద ఉంది. కంప్యూటరు తెర మీద అందరి పొట్టలూ లోపలికి నొక్కేవాడికి తన పొట్ట కూడా నొక్కుకోవాలనిపించి, మధ్యాహ్నం తిండి మానేశాడు. అక్క కట్టిచ్చిన డబ్బా పక్క కొట్టు టైలరుకి వెళ్ళేది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు, సంతోషించాడు. ఆ తర్వాత దువ్వెన పెడితే చాలు, జుట్టు పీచులా వచ్చేయడం మొదలైంది. వాళ్ళ నాన్నకి ముప్ఫయ్యేళ్ళకే తల ఖాళీ. తనకి ఇరవై ఎనిమిది. నా వంతు వచ్చేసిందనుకుని, ఏసీ గాలి పడట్లేదని చెప్పి టోపీ పెట్టాడు. అద్దంలో చూసుకోవడం మానేశాడు, స్నేహితులు పిలిస్తే వెళ్ళడం మానేశాడు. ఊరందరి తలలూ కొలిచే బావ, ఆ టోపీ తీయమని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అదేమిటో అతనికి అర్థమయ్యేది కాదు.

ఇంతలో డ్రైవింగ్ లైసెన్సు గడువు దగ్గరపడింది. కొత్త ఫోటో కావాలి, అదీ టోపీ లేకుండా. సొంత స్టూడియోలో తీయించుకుంటే బావ ముందు తల బయటపెట్టాలి. అందుకని బ్యాంకు పని ఉందని చెప్పి, రోడ్డు దాటి, శత్రువు స్టూలు మీద కూర్చున్నాడు. వాళ్ళు ఏమీ అడక్కుండానే తల నిండా నల్లగా నాటి ఇచ్చారు. ఆ ఫోటో చూసి అతనికే ముచ్చటేసింది.

లైసెన్సు ఆఫీసులో గుమాస్తా టోపీ తీయమన్నాడు. ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "ఈయన్నే రమ్మనండి బాబూ. ఒకరి బదులు ఇంకొకరు రాకూడదు," అన్నాడు. వెనక వరస మొత్తం ఫక్కున నవ్వింది.

తిరిగొచ్చి, టోపీ తీసి స్టూలు మీద కూర్చున్నాడు. తల వంచాడు కూడా. బావ స్కేలు తీయలేదు. లైటు కాస్త కిందికి దించి ఫోటో తీశాడు.

"నన్ను కొలవవా బావా?"

"నీ లెక్క నా దగ్గరుందిరా," అని బావ నోటుబుక్కు చివరి పేజీలు తెరిచి ఇచ్చాడు. సాయంత్రం బావమరిది ముఖం కడుక్కునేటప్పుడు మేకుకి తగిలించిన టోపీలో ఎన్ని వెంట్రుకలు మిగిలాయో రోజువారీగా రాసుంది. సోమవారం పంతొమ్మిది. మంగళవారం ఇరవై ఆరు. పక్కనే డబ్బా సంగతి: టైలరు తిన్నాడు. టైలరు తిన్నాడు. మళ్ళీ టైలరే. ఓ చోట అడుగున సన్నగా, టైలరు జుట్టు మహా గుబురుగా ఉంది అని కూడా రాశాడు.

బావమరిదికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ తెలిసి ఎందుకు అడగలేదన్నాడు. బావ లెన్సు తుడవడం మొదలుపెట్టాడు. జవాబు అప్పుడే డబ్బా పట్టుకుని వచ్చిన అక్క చెప్పింది.

"ఎదురుగా అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావట. అందుకని తెర దాటి నీకు వినబడేలా, వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నారు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పుక్కిలిస్తున్నారు."

మర్నాడు పొద్దున్నే, జుట్టు ఎందుకు ఊడుతోందో తేల్చుకుందామని, ఇద్దరూ పరగడుపున రక్తపరీక్షకి వెళ్ళారు. వాడొక్కడే సూది పొడిపించుకోవడం బాగుండదని బావ కూడా చెయ్యి చాపాడు. ఊరందరినీ డాక్టరు దగ్గరికి తరిమిన మనిషి తను మాత్రం ఎన్నడూ రక్తపరీక్ష చేయించుకోలేదని అప్పుడు బయటపడింది. సూది చూడగానే పక్కకి ఒరిగిపోయాడు. అతని ముఖాన నీళ్ళు చల్లే హడావుడిలో, తన చేతికి ఎప్పుడు పొడిచారో బావమరిదికి తెలియనే లేదు.

థైరాయిడ్ బాగానే ఉంది, ఇనుమూ డి విటమినూ తక్కువున్నాయి అన్నారు డాక్టరు. వాటికి మందులు రాశారు. తిండి మాని గబగబా బరువు తగ్గడం వల్ల ఊడుతోంది, సరిగ్గా తింటే నిలబడుతుంది, కాకపోతే కొన్ని నెలలు పడుతుంది, మీ నాన్నగారి వాటా వస్తే అప్పుడు చూద్దాం అన్నారు. టైలరుకి ఆ పూట నుంచి డబ్బా ఆగిపోయింది. నాలుగు రోజులు అతను వీళ్ళతో మాట్లాడలేదు.

బావ ఇప్పటికీ తల వంచమంటాడు, ఇప్పటికీ కొలుస్తాడు. ప్రశ్నలు మాత్రం పక్కవాడికి కూడా వినబడనంత నెమ్మదిగా అడుగుతున్నాడు. మొన్న మధ్యాహ్నం బ్యాంకు మేనేజరు వచ్చి, కాసేపు చూసి, ఏమిటండీ గొంతు అంత తగ్గిపోయింది, ఒంట్లో బాగాలేదా అని కంగారుపడ్డాడు.

తెర వెనక నుంచి బావమరిది ముద్ద నోట్లో పెట్టుకునే జవాబు చెప్పాడు. "బాగానే ఉందండీ. నేను అన్నం తింటున్నాను, అందుకని అరవట్లేదు."