అత్తయ్యగారు కాదనలేని పిల్లి

ఇవాళ అమలాపురంలో మా రూమ్ కింద ఉన్న కొబ్బరి కొట్టు వెనక తడిసిన కొబ్బరి పీచు డొక్కల వాసన, ఆ డొక్కల్లోంచి పిల్లికూనల అరుపు. “వీటిని ఎవరైనా పెంచుకుంటారా?” అని ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టబోయి ఆగిపోయాను.

చిన్నప్పుడు మనందరి పెరళ్లలోనూ కొబ్బరి డొక్కల గుట్ట ఉండేది, గుర్తుందా? మా గుట్టలో పుట్టిన కూనలకి ఇళ్లు చూసే పెద్దమనుషులం నేనూ, మా చెల్లీ. ఆఖరికి తోక తెగిన కూన ఒకటి మిగిలిపోయింది. పెళ్లి సంబంధం మాట్లాడడానికి వెళ్లినంత గంభీరంగా పక్కింటి అత్తయ్యగారి గుమ్మమెక్కాం.

“ఆయ్, దానికేముంది నాన్నా, ఉంచండి,” అన్నారావిడ.

మనవైపు పిల్లలు అడిగినా మొహమ్మీద కాదనరు కదా. మేమేమో ఆవిడ మురిసిపోయారనుకున్నాం. రోజూ సాయంత్రం తనిఖీకి కూడా వెళ్లేవాళ్లం. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, “బంగారంలా ఉందండీ” అనేవారు.

ఒకరోజు మావయ్యగారు గేటు దగ్గర మమ్మల్ని ఆపారు.

“ఒరేయ్, మీ అత్తయ్యకి పిల్లి బొచ్చు పడదురా. పడుకుంటే ఆయాసం. చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారంట!”

లోపలికి పరిగెత్తాం. “అత్తయ్యగారండీ, పిల్లిని తీసుకెళ్లిపోతామండి.”

“ఇంటికొచ్చినదాన్ని పంపించేత్తామేంటి నాన్నా, బాగోదు,” అని దగ్గారావిడ.

“సరేనండి,” అనేశాం వెంటనే. రెండోసారి అడగలేదు. నిజంగా ఇచ్చేస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో మాకు తెలీదు మరి. ఆవిడ ఇవ్వనంటే బాగుణ్ణని లోపల దణ్ణం పెట్టుకుంటూనే అడిగాం.