సరోజ వాళ్లమ్మ సబ్బు నీళ్ల కోసం, ఖాళీ క్యాన్లతో ఆళ్లగడ్డకు

ఇంట్లో సబ్బు చేసుకుందామనుకున్న ప్రతివాళ్లూ కొబ్బరినూనె ఎంత, ఆముదం ఎంత, సోడా ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు కానీ, నీళ్లు ఏవి అని ఒక్కరూ అడగరు. నీళ్లు నీళ్లే కదా అనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నవాణ్ణే. ఆ నీళ్ల కోసమే ఒక ఎండాకాలం రెండు ఖాళీ క్యాన్లు పట్టుకుని నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎనభైల మొదట్లో మాట. ఆ దారిన అహోబిలం పోయేవాళ్లకు, ఇంటి సబ్బు మీద సరదా ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. నా భార్య సరోజ మాత్రం "పనికొచ్చేది రాయి, నా ఏడుపు రాయొద్దు" అంది. ఆ రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు.

అప్పుడు సరోజకు మూడో నెల. వేవిళ్లలో మామిడికాయ అడిగేవాళ్లుంటారు, చింతపండు అడిగేవాళ్లుంటారు, మట్టి తినేవాళ్లూ ఉంటారు. మా ఆవిడ అడిగింది సబ్బు. అంగట్లో సబ్బు ఏది తెచ్చినా వాసనకే కడుపులో తిప్పేది. శనగపిండితో స్నానం కానిచ్చి, "మా అమ్మ చేసే సబ్బుంటే బాగుండు" అనేది. వాళ్లమ్మ మా పెళ్లికి ముందే పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. తొలి కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ కదా, సరోజకు పోవడానికి పుట్టిల్లు లేదు. ఆళ్లగడ్డలో వాళ్లుండిన ఇల్లు కూడా ఎవరికో అమ్మేశారు. మా వీధిలో ఎవరి కూతురో పురిటికి వచ్చిందని తెలిస్తే ఆ పూట సరోజకు ముద్ద దిగేది కాదు. ఆమెకు కావలసింది వాళ్లమ్మ. నేను తెచ్చివ్వగలిగితే సబ్బు తెచ్చివ్వగలను, అంతే.

చేసే పద్ధతి ఆమె చూసిందే. కొబ్బరినూనె, కొంచెం ఆముదం, వట్టివేళ్లు నానబెట్టిన నీళ్లు, ఆ నీళ్లలో కాస్టిక్ సోడా. సోడా ఘాటు కడుపుతో ఉన్న మనిషికి మంచిది కాదని ఆమెను గడప లోపల కూర్చోబెట్టి, ఆమె చెప్తుంటే పెరట్లో నేను కలిపాను. మా బావి నీళ్లలో సోడా వేయగానే నీళ్లు విరిగిన మజ్జిగలా తెల్లబడ్డాయి. చివరికి తయారైన సబ్బు మీద సున్నపు మచ్చలు. రుద్దితే నురుగు లేదు, ఒంటి మీద ఏదో జిడ్డు పొర. సరే, మంచి నీళ్లంటే మహానందివే కదా, కోనేట్లో పైసా వేస్తే అడుగున మెరుస్తూ కనిపిస్తుంది అని ఘనంగా పోయి ఒక క్యాను నిండా తెచ్చాను. సరోజ నోరెళ్లబెట్టింది.

"తీర్థం తెచ్చి సోడాలో పోస్తావా? ఆ సబ్బుతో కాళ్లు రుద్దుకోవల్లనా? బుద్ధుందా నీకు?"

ఆ నీళ్లు తులసికోటకు చేరాయి. ఇక మిగిలింది వాళ్లమ్మ వాడిన నీళ్లే తెచ్చుకోవడం. అవి ఎక్కడివో సరోజకు తెలియదు. తను కోయిలకుంట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంది, ఇంటికి వచ్చేది ఎండాకాలం సెలవులకే. మూతి మీద గుడ్డ కట్టిన కుండ ఒకటి వంటింటి మూల ఉండేదని, సబ్బు చేసేటప్పుడు అమ్మ అందులోంచి నీళ్లు తీసేదని, అంతవరకే గుర్తు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. నంద్యాల బస్టాండు నుంచి ఆళ్లగడ్డకు అప్పట్లో ఎర్రబస్సులో గంటన్నర పట్టేది, టికెట్ మూడు రూపాయల చిల్లర. పొద్దుటి బస్సు పట్టుకోవడం మంచిది. ఎండ ఎక్కాక ఆ బస్సు రేకు మీద చెయ్యి పెట్టలేం. కండక్టర్ నా క్యాన్లు చూసి మొహం చిట్లించాడు.

"ఏందప్పా, కిరోసినా? బస్సులో ఎక్కనీయం."

"ఖాళీవి అన్నా. నీళ్లు తెచ్చుకునేకి పోతాండా."

"నీళ్లకు ఆళ్లగడ్డ పోతాండావా? నంద్యాలలో బావులన్నీ పూడ్సినారా ఏంది?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాం.

శిరివెళ్ల దాటబోతుండగా ఇంజను వేడెక్కి బస్సు ఆగింది. డ్రైవర్ బకెట్ పట్టుకుని రోడ్డు పక్క చేలో బావి దగ్గరికి పోతుంటే నేనూ వెనకే దిగాను. జేబులో మందుసీసా ఒకటి, కాగితంలో మడిచిన సబ్బు ముక్క ఒకటి ఉన్నాయి. నేను గుమాస్తాగా చేస్తున్న పత్తి మిల్లులో ఎవరో చెప్పిన పరీక్ష ఇది. సీసాకు సగం నీళ్లు పట్టి, సబ్బు గీకి వేసి, మూతపెట్టి బాగా ఊపాలి. నురుగు నిలబడితే ఆ నీళ్లు సబ్బుకు మంచివి. నురుగు చచ్చి తెల్లటి తెట్టు కడితే పనికిరావు. నేను ఊపుతుంటే చేను రైతు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, గవర్నమెంటోళ్లా? బోరేమన్నా శాంక్షనయిందా?"

"లేదన్నా. సబ్బు చేసేకి నీళ్లు చూస్తాండా."

"సబ్బుకా! పైరుకే లేక సస్తాంటే నీకు సబ్బుకు నీళ్లా! సరే, తాగి సూడు, మా బావి నీళ్లు శానా తియ్యగుంటాయి."

తాగాను. నిజంగానే కొబ్బరినీళ్లలా ఉన్నాయి. సీసాలో మాత్రం తెట్టు కట్టింది. నాలుకకు తియ్యగా ఉన్నంత మాత్రాన నీళ్లు సబ్బుకు పనికిరావని అక్కడ తెలిసింది.

ఆళ్లగడ్డలో దిగి బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను. మీరు పోయినా అదే తినండి, ఎండలో తిరగడానికి పొట్ట నిండుగా ఉంటుంది. హోటలాయన గ్లాసు నీళ్లు పెడితే వాటినీ సీసాలో పోసి ఊపాను. ఆయనకు కోపం రాలేదు, పైగా ఆసక్తి పుట్టింది.

"ఈ నీళ్లతో కందిబ్యాళ్లు ఎంతసేపున్నా ఉడకవప్పా. నేను సోడా ఉప్పేసి ఉడికిస్తాండా. పప్పుడకని నీళ్లల్లో నీ సబ్బు ఏం నురగొస్తాది? కాలవ నీళ్లయితే సరిపోతాయి గానీ, ఇప్పుడు కాలవలో పిల్లోళ్లు గోలీలాడుతాండారు."

ఎండాకాలం కాలువ కట్టేస్తారని నాకు గుర్తే లేదు. అక్కణ్ణుంచి జట్కా మాట్లాడుకుని అహోబిలం రోడ్డు వైపు, సరోజ వాళ్లు ఉండిన వీధికి పోయాను. వాళ్ల పాత ఇంటికి కొత్త తలుపులు, కొత్త రంగు. దాని ముందు క్యాన్లతో నిలబడితే, ఎన్నడూ చూడని అత్తగారి మీద నాకు బెంగ పుట్టింది. ఉండి ఉంటే ఈపాటికి కాళ్లకు నీళ్లిచ్చి ఉండేది. ఇంతలో పక్కింటి గడపలోంచి ఒక పెద్దావిడ కేకేసింది. ఆమె నాగమ్మ. సరోజ ఆమెను పెద్దమ్మ అంటుంది, మా పెళ్లికి కూడా వచ్చింది.

"ఎవరు, సరోజ మొగుడివి కదూ? ఈడికి రా అల్లుడా, ఆ ఎండలో ఏం చేస్తాండావ్?"

మజ్జిగ తాగి, సంగతంతా చెప్పాను. వేవిళ్లని విని సంతోషించింది, సబ్బని విని పక్కింటి గోడ దిక్కు చూసింది.

"మీ అత్త బావి నీళ్లు వాడేది కాదు. మా ఊర్లో ఏ బావి నీళ్లయినా రాయి మీద పారి, రాయిని తాగి వొస్తాయి. ఆయమ్మ వాన నీళ్లు పట్టేది."

నేను తలెత్తి ఆకాశం చూశాను. చైత్రం ఎండ, వెతికినా మబ్బు తునక లేదు.

నాగమ్మత్త లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి ఒక తెల్ల నూలు చీర తెచ్చింది. నాలుగు మూలలకూ ముడులు, మధ్యలో మడిచిపెట్టిన నున్నటి గులకరాయి.

"అహోబిలం వాగులో ఏరిన రాయి ఇది. చీర రెండు మూలలు మా గోడకు, రెండు మీ అత్త గోడకు కట్టేవాళ్లం. నడిమధ్యన ఈ రాయి ఏస్తే నీళ్లన్నీ ఆడికొచ్చి కుండలోకి కారతాయి. మొదటి వాన పట్టకూడదు, అది దుమ్ము కడిగే వాన. రెండో వాన నుంచి పట్టల్ల. నేను వాడుకునేదాన్ని. మీ అత్త మాత్రం కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి దాచేది."

"ఎందుకత్తా?"

"ఎందుకేంది? బిడ్డ హాస్టల్లో ఉండె. ఎండాకాలం వొస్తాది, దానికి ఎదురుగా సబ్బు చేసియ్యల్ల. వాడంతా నీళ్లకు అల్లాడినా ఆ కుండ ముట్టనిచ్చేది కాదు." చీర నా చేతిలో పెట్టింది. "తీసకపో. రెండు మూలలు కట్టేకి ఆ పక్క మనిషి లేదు. ఆయమ్మ పోయినప్పట్నించి నేను కట్టలే."

జట్కావాడు నా క్యాన్లు ఊపి చూశాడు. "నీళ్లు దొరకలేదా అన్నా?"

"వానలో ఉన్నాయంట."

"అయితే మా మాదిరే మబ్బు దిక్కు సూస్తా కూసో" అన్నాడు.

చీకటి పడేలోపు ఇల్లు చేరాను. సరోజ చీరను ముఖానికి ఆనించుకుని, "వాసనేమీ లేదు" అంది. తర్వాత నాగమ్మత్త కుండ గురించి చెప్పిన మాట చెప్పాను. ఆమె మెల్లగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"సెలవుల్లో దప్పికయ్యి ఆ కుండలో నీళ్లు చెంబుడు అడిగితే కసిరేది. ఎవురికి దాస్తాండావ్ అని కొట్లాడినా ఒకసారి. చెప్పలే చూడు. అది నా కోసమే అని ఒక్క మాట చెప్పలే."

ఆ రాత్రి ఏడ్చింది. తర్వాత రెండు నెలలు ఇద్దరం ఆకాశం చూశాం. సీమలో వాన కోసం చూడటం కొత్తేమీ కాదు, సబ్బు కోసం చూసింది మేమే అయుంటాం. వేవిళ్లు పోయాయి, కడుపు కనపడసాగింది, చివరికి ఒక సాయంత్రం నల్లమల వైపు నుంచి మబ్బు దిగింది. పరుగెత్తి మా గోడకు రెండు మూలలు, పక్కింటి గోడకు రెండు మూలలు కట్టి రాయి వేశాను. "కుండ పెట్టొద్దు, ఇది మొదటి వాన" అంటూ సరోజ వచ్చి కుండ ఉండాల్సిన చోట తనే నిలబడింది. చీరలోంచి ధార నెత్తి మీద పడుతుంటే, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని "అమ్మా" అంది. జలుబు చేస్తుందని పిలవబోయి ఊరుకున్నాను.

రెండో వాన పట్టాం. ఆ నీళ్లలో సోడా వేస్తే తేటగా కరిగింది. సబ్బు ఆరి గట్టిపడేసరికి నెల పైనే పట్టింది, పురిటి స్నానానికి అందింది. నురుగు బ్రహ్మాండం. సరోజ వాసన చూసి, "అమ్మది కాదు, కొంచెం తక్కువైంది" అంది. అప్పట్నుంచి ఏటా చేస్తున్నాం, ఏటా ఆ మాటే అంటుంది. ఏం తక్కువైందో ఇద్దరికీ తెలుసు, అయినా వట్టివేళ్లు కొంచెం పెంచి చూస్తాను. తల్లిని తెచ్చే నీళ్లు ఏ ఊళ్లోనూ లేవు. ఆమె మన కోసం దాచిన నీళ్లు ఏవో తెలియడానికి నాకు ఒక రోజు ప్రయాణం పట్టింది, సరోజకైతే ఏళ్లే పట్టాయి.

సబ్బు నీళ్ల కోసం బయల్దేరేవాళ్లకు ఒక్క సలహా. క్యాన్లు మోయకండి, ఉతికిన నూలు చీర ఒకటి, నున్నటి రాయి ఒకటి దగ్గర పెట్టుకుని వాన కోసం చూడండి. మొదటి వానకు కుండ పెట్టొద్దు. ఆ చోట మీరే నిలబడండి.