మొదటి పళ్ళెం

వంట పూర్తయ్యాక బడి వంటగదిలో ఆవిరి మబ్బులా నిలిచిపోతుంది. అప్పుడు వంటామె, పిల్లలందరికీ పెద్దమ్మ, పళ్ళెంలో అన్నం, కూర పెట్టుకుని గడప మీద కూర్చుంటుంది. ఆకలితో తినే తీరు కాదది. కళ్ళు అరమూసి, కడుపు ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఉంటుంది. తిన్నాక కూడా కొంతసేపు కదలదు. తనకేమీ కాలేదని నమ్మకం కుదిరాకే అన్నం గంట. రోజూ హెడ్మాస్టరు వాచీ చూసుకుంటూ, "పెద్దమ్మా, తపస్సు అయిందా? పిల్లలు ఆకలితో నకనకలాడుతున్నారు" అంటాడు. ఆమె నవ్వుతుందే గాని లేవదు.

ఆ రోజు ఆమెకు జలుబు. మూతికి గుడ్డ కట్టుకునే వండింది. తీరా ముద్ద నోట్లో పెట్టుకుంటే దూది నమిలినట్టుంది. లేచి, ఇంకో పళ్ళెం వడ్డించి హెడ్మాస్టరుకి అందించింది.

"నా నోరు చచ్చిపోయింది సార్, కూరలో తేడా ఉన్నా తెలీదు. ఇవాళ మీరు తినాలి."

"నేనా?"

వరండాలో ఖాళీ పళ్ళేలు మోగుతున్నాయి. ఆయన గడప మీద కూర్చుని ఒక ముద్ద తిన్నాడు, మరో ముద్ద తిన్నాడు. మెల్లగా ఆయన కళ్ళూ అరమూతలు పడ్డాయి. ఆవిరి అవతల పిల్లల గోల ఎక్కడో ఏరు పారుతున్నట్టు వినిపించింది.

"తపస్సు అయిందా సార్?" గంట కర్ర పట్టుకుని అడిగిందామె.

"ఉండు పెద్దమ్మా," అన్నాడాయన, వాచీ వైపు చూడకుండానే. "ఇంకాసేపు చూద్దాం."