వెరులం వెళ్ళే డబ్బా

పొద్దున్నే రెండు డబ్బాలు సర్దేదాన్ని. ఒకటి మా ఆయనకి, ఆసుపత్రి డ్యూటీకి. ఇంకొకటి జాహ్నవికి. ఇప్పుడు ఒకటే.

జాహ్నవిది ఏలూరు. ఇక్కడ దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటొచ్చిన ఎలక్షన్లయిన మూడో ఏడు డర్బన్‌లో ఎమ్మెస్సీ చదవడానికొచ్చి, ఓవర్‌పోర్ట్ పేటలో మా పెరటి గదిలో దిగింది. వాళ్ళ నాన్న పంపింది మొదటి ఏడాదికే సరి. రెండో ఏడు ఫీజు తనే సంపాదించుకోవాలి. చదువుకుంటూ కొన్ని గంటలు పని చేసుకోవచ్చని పర్మిట్‌లో ఉంది గానీ, పనేదీ? బట్టల షాపులో జులూ భాష వచ్చా అన్నారు. మందుల షాపులో ఈ ఊరి పిల్లలే పనుల్లేక ఖాళీగా ఉన్నారన్నారు. అదీ నిజమే. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "రేపు ఇంకో వీధి, ఆంటీ" అనేది.

చివరికి ఊరవతల వెరులంలో, రోనాల్డ్ గారనే ఆయన ఇంట్లో దొరికింది. ఆయన పూర్వీకులు చెరకు తోటల పనికొచ్చిన తెలుగువాళ్ళు, బాప్టిస్టులు. ఆయనకి తిండి మాటలు, ప్రార్థన మాటలు తప్ప తెలుగు రాదు. మంచాన పడ్డ తల్లి డోరిస్‌కి మాత్రం తెలుగు బైబిలే కావాలి. క్లాసులయ్యాక వచ్చి చదివితే జీతమిస్తామన్నారు. జాహ్నవి మొదటిరోజే ఆమెని మామ్మా అంది. ఆ ఇంటి నుంచి మా డబ్బా ఎప్పుడూ ఖాళీగా రాలేదు. బూరెలో, మామిడికాయో పెట్టించేది ముసలావిడ. మర్నాడు నేను ఇంకొంచెం ఎక్కువ పులిహోర పెట్టి పంపేదాన్ని.

నెలాఖరున రోనాల్డ్ గారు జీతం కవరిచ్చారు. మామ్మ ఎదుట చెయ్యి చాపడానికి సిగ్గేసి, వద్దండీ అంది జాహ్నవి. మనవైపు అలా అంటే ఎవరూ నిజమనుకోరు, బలవంతాన చేతిలో పెడతారు. ఆయన కళ్ళు తుడుచుకుని కవరు జేబులో పెట్టేసుకున్నారు. మా అమ్మకి మనవరాలు దొరికిందని చర్చిలో అందరికీ చెప్పారట.

జీతం అడగమని పోరాను. మా ఆయన ఫోన్ చేస్తానన్నారు. వద్దంది.

"ఇప్పుడడిగితే, మామ్మా అన్నది జీతం కోసమే అనుకోరూ?"

వేరే పని వెతుక్కుంటూనే వెళ్ళి చదివొచ్చేది. పని దొరకలేదు. ఫీజు గడువు దాటింది, చదువు ఆగింది, దాంతో పర్మిట్టూ పోయింది. ఏలూరు వెళ్ళిపోయింది. ముందురోజు కూడా మామ్మకి చదివొచ్చింది. వెళ్తున్నానని చెప్పలేకపోయిందట. డబ్బా అక్కడే మర్చిపోయింది.

నిన్న రోనాల్డ్ గారు తెచ్చారు. పిల్లకి ఒంట్లో బాలేదేమో చూసి రమ్మందట తల్లి. మా ఆయన ఇంగ్లీషులో అంతా చెప్పారు. రోనాల్డ్ గారు లేచి వెళ్తూ నాకేసి చూసి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడదీసుకున్నారు.

"నో అన్నది. నేను నో అనుకున్నా, సిస్టర్. ఇప్పుడు అమ్మకి ఏం చెప్పేది?"

డబ్బా బరువుగానే ఉంది. బూరెల వాసన. తీసి, కడిగి, ఏదో ఒకటి వండి నింపి పంపడం నా పని. పంపితే పిల్ల ఇక్కడే ఉందనుకుంటుంది ముసలావిడ.

మూత తీయలేదు. గట్టు మీద అలాగే ఉంచాను.