కొరికిన కొస

ఎమ్మిగనూరులో చీరలు నేసే ఈరమ్మకు ముందరిపన్ను ఊడి ఏళ్లయింది. ఎట్టకేలకు కర్నూలు వెళ్తే, పళ్ల డాక్టరమ్మ పెదవి విరిచింది.

"పన్ను ఊడినప్పుడే వచ్చింటే ఎముక నిలిచేది. ఇప్పుడు శానా అరిగిపోయుండాది," అంటూనే దవడ ఎముకలోకి ఒక సన్నటి మరమేకు దించి, దానిమీద తాత్కాలికంగా పన్ను కట్టింది. "దీని గాడుల్లోకి ఎముక పెరిగి పట్టుకోవల్ల. మూడు నెలలు ముందరిపళ్లతో ఏమీ కొరకొద్దమ్మా."

ఈరమ్మ జొన్నరొట్టె మానేసి గంజి తాగింది. అయినా మూడు నెలలకు మళ్లీ చూపించుకునేసరికి పన్ను కదులుతోంది.

"ఏం కొరికినావమ్మా?" అని డాక్టరమ్మ గద్దించింది.

"దేవుని మీదొట్టు, గంజి తప్ప ఏమీ ముట్టలేదు తల్లీ!"

కొరకడమంటే తిండే అనుకున్నారు ఇద్దరూ. మేకు తీసేశారు. చుట్టూ ఎముక కరిగిపోయింది, ఇంకోటి పెట్టడానికి చోటే లేదన్నారు.

ఇంటికొచ్చి మగ్గంలో కూర్చుంది. పోగు తెగింది. ముడివేసి, మిగిలిన కొసను తెంపడానికి ఈమధ్య అలవాటైనట్టే ముందరిపళ్ల మధ్య పెట్టుకుంది. పన్ను లేని సందులోంచి నూలు జారిపోయింది.

ఈరమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ మూడు నెలలూ పొద్దస్తమానం తను చేసిందిదే.

"ఏమయిందే?" అన్నాడు పక్క మగ్గం నుంచి మొగుడు ఉమామహేశ్వర.

"ఏం లేదులే."

కొసను, పన్ను కట్టించుకోక మునుపటిలాగే, పక్కపంటి కిందికి జరిపి కొరికింది. ఆ పన్నూ కదిలింది.