నాయనమ్మ ఆఖరి మాట

పిల్లలూ, ఆల్బనీ అనే ఊరు దాటాక హైవే పక్కన ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆంధ్రా హోటల్ ఒకటి ఉంది. ఓసారి మా బస్సు అక్కడ భోజనానికి ఆగింది. గోంగూర పప్పు ఇంకాస్త వెయ్యమని నేను అడగడం విని, ఒక ముసలావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“దీదీ, మీది తెలుగేనా?” అని హిందీలో అడిగింది. ఫిజీలో పుట్టిందట, అక్కడ మనవాళ్ళంతా హిందీయే మాట్లాడతారట. ముత్తాతలు తెలుగువాళ్ళే గానీ తనకి ఒక్క ముక్క రాదట. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ పోయేముందు హిందీ మరిచిపోయి, ఒకటే తెలుగు మాట పదేపదే అందట. చుట్టూ ఉన్న పిల్లలకి అర్థం కాలేదట.

“ఆ మాట రోజూ అనుకుంటాను, మరిచిపోతానేమోనని. ఇక్కడికి తెలుగువాళ్ళు తినడానికి వస్తారంటే వచ్చాను.”

కళ్ళు మూసుకుని, మంత్రంలా చెప్పింది. “గొంతెండిపోతోంది, కాసిని నీళ్ళియ్యండే.”

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ నా మొహంకేసే చూస్తోంది.

“మీరంతా చల్లగా ఉండాలని దీవించిందమ్మా,” అన్నాను.

“నేననుకున్నదే!” అని కళ్ళు తుడుచుకుంది. “వచ్చే వారం మా మనవరాలి పెళ్ళి, దీదీ. ఆ మాట చెప్పే అక్షింతలు వేస్తాను.”

బయట హారన్ మోగింది. నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి బస్సెక్కేశాను.

మీ అక్క పెళ్ళిలో అమ్మమ్మ నోరు తెరవకుండా అక్షింతలు వేసిందని నన్ను ఆటపట్టించారు కదూ మీరు.